బాలింత మాను

మొన్న వాన వెలిసిన పూట దోనెలో అవతలి ఒడ్డుకు పోతున్నాం. పిల్లలకు టీకాలు వెయ్యడానికి కొత్తగా వచ్చిన నర్సమ్మ మంచు డబ్బాను ఒళ్లో పెట్టుకుని నా ఎదురుగా కూర్చుంది. దోనె ముక్కు దగ్గర మా ఆడబిడ్డ కూతురు బుజ్జి నేరేడు పళ్లు తింటోంది. గింజలు నీళ్లలో ఉమ్మకుండా గుప్పిట్లో దాచుకుంటోంది. వెనుక మా ఇంటాయన తెడ్డు వేస్తున్నాడు. ఎదురుగా ఒడ్డు కనిపిస్తూనే ఉంది, అక్కడ మా ఆడబిడ్డ ఇంటి పొగ కూడా కనిపిస్తూనే ఉంది. మధ్యలో డ్యాం నీళ్లు తప్ప అడ్డం ఏమీ లేదు. అయినా ఆయన దోనెను తిన్నగా పోనివ్వలేదు. కొంత దూరం పోయాక ఎడమకు తిప్పాడు.

నర్సమ్మ సొంతూరు గీదం. తెలుగు వచ్చు, మధ్యలో హిందీ కలుస్తుంది. కాసేపు ఓపిక పట్టి అడిగింది.

"దాదా, ఒడ్డు సీదా కనిపిస్తున్నది కదా. ఖాళీ నీళ్ల మీద మలుపులేంది?"

ఆయన నవ్వి ఊరుకున్నాడు. బుజ్జి నోటి నిండా పళ్లు. నేనూ ఏమీ చెప్పలేదు. చెప్పాలంటే మా పెద్దత్త గురించి చెప్పాలి. ఆమె గురించి మొదలుపెడితే ఒడ్డు వచ్చేలోపు అయిపోయే ముచ్చట కాదు.

పెద్దత్త అంటే మా మామకు అన్న భార్య. పొట్టి మనిషి. చీర మోకాళ్ల దాకా ఎగగట్టేది. చెవులు సాగి భుజాల దాకా వేలాడేవి. మనుషులతో తెలుగు, సాహెబులతో హిందీ, సంతలో హల్బీ మాట్లాడేది. చెట్లతో మాత్రం మా పాత భాష, దొర్లీనే. చెట్లకు తెలుగు రాదా అని అడిగితే, "మీ కన్న ముందు నుంచి ఉన్నయి అవి, మీ మాట అవెందుకు నేర్సుకుంటయి?" అనేది.

దేన్నైనా అరచెయ్యి పెట్టి చూడటం ఆమెకు అలవాటు. అన్నం కుండ మూత తీయకుండా పక్కన చెయ్యి పెట్టి ఉడికిందో లేదో చెప్పేది. పిల్లలకు జ్వరం వస్తే నుదురు కాదు, అరికాలు పట్టుకుని చూసేది. నేను పెళ్లయి ఆవపల్లి నుంచి ఈ ఇంటికి వచ్చిన రోజు గడపలో ఆపి నా చెంప మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి ఎప్పుడూ చేపల వాసన, పొగాకు వాసన కలిపి వేసేది. చెయ్యి తీసి మా అత్తతో, "ఆకలి మీదున్నది పిల్ల, మొదలు బువ్వ పెట్టు" అంది. నిజంగానే ఆకలిగా ఉన్నాను. ఆ రోజు ఇంకెవరూ అడగలేదు.

ఆమెకు ఇంకో మాట ఉండేది. కుండ మాడినా, కోడిపిల్లను గద్ద ఎత్తుకుపోయినా, వల చిరిగినా, కాసేపు దాని వైపు చూసి "మంచిదే, ఇప్పుడు ఎరుకైంది" అనేది. మొదట్లో నాకు ఆ మాట వింటే ఒళ్లు మండేది. కూర మాడిపోతే మంచిదేంది? కానీ ఆమె ఆ మాట అన్నాక ఊరికే కూర్చునేది కాదు. లేచి మళ్లీ పొయ్యి రాజేసేది.

మా పాత ఊరు వాగు ఒడ్డున ఉండేది. వాగుకు అడ్డంగా డ్యాం కట్టారు. నీళ్లు వచ్చే జాగాలో అడవంతా నరికేస్తామన్నారు, సగం నరికారు. మిగిలింది నరికేలోపు వాన దిగింది. టేకు, మద్ది, ఇప్ప, ఎక్కడివక్కడ నిలబడే మునిగిపోయాయి. ఊరు రెండు ముక్కలైంది. మేము సడక్ ఉన్న ఈ ఒడ్డుకు వచ్చాం. భూములు ఆ పక్కన మిగిలినవాళ్లు ఆ మెరక మీదికి పోయారు. పెద్దత్త కూతురు, అంటే మా ఆడబిడ్డ, ఆ ఒడ్డున ఉండిపోయింది. ఎండాకాలంలో అయితే అడవి చుట్టి నడిచి రావచ్చు. వానాకాలంలో వాగులన్నీ పొంగితే దోనె తప్ప దారి లేదు. రేషన్ బియ్యమైనా, మందైనా, పెళ్లి పిలుపైనా దోనెలోనే పోవాలి.

ఆ దోనెను పెద్దత్త నడిపేది. ఆడది దోనె నడపడమేంది అని మొదట్లో అన్నవాళ్లే తర్వాత ఆమె ఉంటేనే ఎక్కేవాళ్లు. ఎక్కినవాళ్లు విసుక్కునేది ఒక్క దానికే. ఆమె నీళ్ల మీద తిన్నగా పోయేది కాదు. పాత ఊరికి ఒకటే వీధి ఉండేది, కళ్లం దగ్గర మొదలై వాగు రేవు దాకా. నీళ్ల మీద కూడా ఆమె ఆ వీధి వెంబడే పోయేది. వీధి ఎక్కడ తిరిగేదో అక్కడ దోనె తిప్పేది. "ఇది సర్పంచోళ్ల అరుగు", "ఇది మన పశువుల కొట్టం" అని గొణుక్కుంటూ తెడ్డు వేసేది. రేవు దాటాక మసనం, అదే ఊరి శ్మశానం, వచ్చేది. ఆ జాగా దాటేదాకా అందరూ చెప్పులు విడిచి చేత్తో పట్టుకోవాలి.

"తిన్నగ పోతే ఏమైతది అవ్వా? నీళ్లే కదా" అని ఎవరో ఒకసారి అడిగారు.

"నీ ఇంటి కప్పు మీదికెళ్లి ఎవడన్న నడిస్తే నువ్వు ఊకుంటవా?" అంది.

బాట మీద చెట్లు మొలవవు కదా. అందుకే మునిగిన మొద్దులు తగిలి వేరేవాళ్ల పడవలు పగిలాయి గాని మా దోనెకు ఏనాడూ ఒక్క మొద్దు తగల్లేదు. మా ఇంటాయన అది చూసి, "పెద్దమ్మ తెలివి చూడు" అన్నాడు.

"సిగ్గురా అది, తెలివి కాదు" అంది పెద్దత్త.

నీళ్ల పైకి తేలిన ఎండుకొమ్మల మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకునేవి. వాటిని చూస్తే ఆమెకు కోపం. "చెట్టే అది, మీ దొడ్డి కాదు" అని తెడ్డుతో నీళ్లు చల్లేది. అవి లేచేవి కావు. రోజూ తిట్టేది, రోజూ అవి అక్కడే ఉండేవి. ఒక రోజు ఒకటి కనిపించకపోతే మధ్యాహ్నం దాకా అడిగింది, అదేమైందో అని.

దోనె మాత్రం ముసలిదైపోయింది. డ్యాం రాక ముందే వాగు దాటడానికి చెక్కింది అది. అడుగున రేకులు కొట్టి, డాంబరు పూసి నడిపేవాళ్లం. ఒక వానాకాలం మా ఆడబిడ్డకు నెలలు నిండాయి. నొప్పులు మొదలయ్యాయని ఆ ఒడ్డున గుడ్డ ఊపారు. పెద్దత్త పోయి ఎక్కించుకుంది. నేనూ ఉన్నాను దోనెలో. నడి నీళ్లలోకి వచ్చేసరికి అడుగు నుంచి నీళ్లు ఊరడం మొదలైంది. నేనూ, తోడు వచ్చిన ఇంకో ఆమే గిన్నెలతో ఎత్తిపోస్తున్నాం. మా ఆడబిడ్డ నడుం దాకా తడిసి పళ్లు బిగబట్టి పడుకుంది. ఆ రోజు కూడా పెద్దత్త వీధి మలుపు తిప్పకుండా పోలేదు. నేను గిన్నెతో ఎత్తిపోస్తూనే బతిమాలాను.

"ఇయ్యాల అన్న సీదా పోరాదు అత్తా."

"సీదా పోతే మొద్దు తగిలి అందరం పోతం. ఎత్తిపొయ్యి."

ఒడ్డు చేరాం. మా ఇంట్లోనే బుజ్జి పుట్టింది. పిల్లను కడిగి ఒళ్లో పెట్టుకున్నాక పెద్దత్త వాకిట్లోకి వచ్చి, ఒడ్డున ఒరిగి ఉన్న దోనెను చూసింది. "మంచిదే, ఇప్పుడు ఎరుకైంది" అంది. "ఇంకో రెండు వానలు ఆగదు ఇది. మళ్ల ఇట్ల ఎవరికన్న నొప్పులొస్తే ఎట్ల?"

అప్పటి నుంచి ఆమెకు అదే పని. కొత్త దోనె కావాలి. దోనె చెక్కాలంటే ఇద్దరు చేతులు కలిపినా అందనంత లావు మాను కావాలి. నిలబడి ఉన్న అడవిలో అంత మాను నరకడానికి ఇప్పుడు ఫారెస్టు వాళ్లు ఒప్పుకోరు, ఆమెకూ మనసు లేదు. "పచ్చదాన్ని ఎందుకు సంపుడు? నీళ్లల్ల అంత అడవి నిలబడి ఉండె" అనేది. మునిగిన చెట్టు తేలదని ఊళ్లో అందరి మాట. "నీళ్లు తాగి తాగి రాయి అయిపోయి ఉంటది. దోనె చెక్కితే నేరుగ అడుక్కే పోతది" అన్నారు. ఆమె మా ఇత్తడి గిన్నె తెచ్చి అందరి ముందూ నీళ్ల మీద వదిలింది. తేలింది. "ఇది చెట్టు నుంచి పుట్టిందా?" అని అడిగి గిన్నె తీసుకుని అన్నం వండటానికి పోయింది.

మరుసటి ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు మునిగిన టేకు తీయడానికి కాంట్రాక్టు పట్టిన ఠేకేదారు మనుషులు వచ్చారు. పెద్ద పడవ, దాని మీద గాలి నింపే మిషన్, పొడుగాటి గొట్టాలు. సముద్రపు ఒడ్డు నుంచి వచ్చిన ఒకాయన గొట్టం నోట్లో పెట్టుకుని కిందికి దిగేవాడు. ముందు మానుకు ఖాళీ డ్రమ్ములు కట్టేవాడు, తర్వాత గాలితో నడిచే రంపంతో మాను మొదలు దగ్గర కోసేవాడు. కాసేపు బుడగలు వచ్చేవి. తర్వాత మాను మెల్లగా, బురదలో పడుకున్న గేదె లేచినట్టు, నల్లగా పైకి వచ్చేది. పైన గాలికీ నీళ్లకూ మధ్య ఉన్న కొమ్మలు చేత్తో నలిపితే పొడి అయ్యేవి. లోపల మునిగి ఉన్న మాను మాత్రం గట్టిగా ఉండేది. మొదటి మాను ఒడ్డుకు వచ్చినప్పుడు పెద్దత్త దాని మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు దొర్లీలో ఏదో అడిగింది.

ఆ మునిగే ఆయన ఆమెను "మామ్మగారూ" అనేవాడు. ఆమెకు ఆ "గారు" చక్కిలిగింత పెట్టినట్టు ఉండేది.

"గారు ఎవర్రా ఈడ? నన్నే పిలుస్తున్నవా?"

"మా వైపు పెద్దవాళ్లని అలాగే అంటామండి."

"అండి ఒకటి. మాట సివర మీరు బరువులు కడతరు, డ్రమ్ములు కట్టినట్టు."

రోజూ సాయంత్రం ఆయన పైకి రాగానే ఆమె అడిగేది, కింద ఏం కనిపించింది అని. "ఏం కనపడదు మామ్మగారూ. అంతా బురద నీళ్లు. చేత్తో తడుముకోవడమే" అనేవాడు. అయినా మర్నాడు మళ్లీ అడిగేది. ఎర్రచీమల పచ్చడి ఆకులో పెట్టి ఇచ్చేది. మొదటిసారి తిని కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు. మూడో రోజుకు ఆయనే అడిగి పెట్టించుకున్నాడు.

టేకు అంతా ఫారెస్టు కలప డిపోకు పోయేది. డిపో వాళ్లు వద్దన్న మాను ఊరికి వదిలేయడానికి గ్రామసభలో ఫారెస్టు సాహెబు సరే అన్నాడు. అట్లా ఒక లావు మద్ది మాకు వచ్చింది. ఊరు ఊరంతా సంబరం. మా వాళ్లకు తెలిసిన పద్ధతి ఒకటే. దోనె మాను పచ్చిగా ఉండగానే చెక్కాలి. అప్పుడే మెత్తగా తెగుతుంది. కడుపు తొలిచి, లోపల చిన్న మంట పెట్టి, ఎండలో వదిలితే అంచులు విచ్చుకుంటాయి. ఈ మాను కూడా తడిగా ఉంది కదా, తడి అంటే పచ్చిదే అనుకున్నారు. మా ఇంటాయన బాడిస పట్టాడు. తొలిచారు, మంట పెట్టారు, ఎండలో పెట్టారు. రెండో రోజు మేమంతా అన్నాలు తింటుండగా బయట ఫట్టుమని చప్పుడైంది. చేతులు కడుక్కోకుండానే పరుగెత్తాం. దోనె ఈ చివర నుంచి ఆ చివర దాకా చీలిపోయి ఉంది. చెయ్యి దూరేంత చీలిక.

 మా ఇంటాయన బాడిస పారేసి తల పట్టుకుని కూర్చున్నాడు. పెద్దత్త చీలికలో చెయ్యి పెట్టి లోపల తడిమింది. పైన కాలిపోతోంది, లోపల ఇంకా చల్లగా ఉందట.

"మంచిదే, ఇప్పుడు ఎరుకైంది" అంది.

"ఏం ఎరుకైంది పెద్దమ్మా? పోయింది కదా" అన్నాడు మా ఇంటాయన కోపంగా.

ఆమె ఇంట్లోకి చూపించింది. లోపల, ఆ ఒడ్డు నుంచి వచ్చి ఉన్న మా ఆడబిడ్డ పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. "పిల్ల పుట్టినప్పుడు దాన్ని ఎండల కూసోబెట్టినమా? సెవులకు గుడ్డ కట్టినం, గాలి తగలకుంట తడికె కట్టినం, మెల్లగ మెల్లగ బయటికి తెచ్చినం. నీళ్లల్ల నుంచి వచ్చిన మాను కూడ బాలింతే. దాన్ని బట్టుకొని మంట పెడితిమి."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

అప్పటికే ఠేకేదారు మనుషులు సామాను సర్దుతున్నారు. మబ్బులు పడుతున్నాయి. వాన పడితే నీళ్లు పెరుగుతాయి, ఇంక దిగడం కుదరదు. మళ్లీ ఎప్పుడు వస్తారో, వస్తారో రారో తెలియదు. పెద్దత్త ఆ మునిగే ఆయన దగ్గరకు పోయి కూర్చుంది. ఒక్క మాను కావాలంది. ఆయన తన మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ ఆకాశం వైపు చూశాడు. చివరికి, "రేపు పొద్దున ఒక్కసారి దిగు, అంతే. మిషన్ లో డీజిల్ కూడా అంతే ఉంది" అన్నాడు.

"ఒక్కసారి దిగి ఎక్కడని వెతకను మామ్మగారూ?" అన్నాడు ఆయన.

"వెతుకుడెందుకు? నేను సూపిస్త."

తెల్లారి ఆమె దోనెలో ముందు పోయింది, వెనుక పెద్ద పడవ. నేను దోనెలో ఉన్నాను, నీళ్లు ఎత్తిపోయడానికి. ఆమె కళ్లం దగ్గర మొదలుపెట్టింది. వీధి వెంబడే పోయింది. మలుపు తిరిగింది. రేవు దగ్గర తెడ్డు ఆపింది.

"ఈడ దిగు. కాళ్లకు మొదలు బండ తగుల్తది, బట్టలుతికే బండ. దాని మీద నిలబడి ఎడమ సెయ్యి సాపు. ఏరుమద్ది ఉంటది. మా దోనెను దానికే కట్టేటోళ్లం."

ఆయన దిగాడు. బుడగలు వచ్చాయి. పెద్దత్త తెడ్డు ఒళ్లో పెట్టుకుని నీళ్లకేసి చూస్తూ కూర్చుంది.  బుడగలు ఒక చోట ఆగాయి, పక్కకు జరిగాయి, మళ్లీ ఆగాయి. ఆయన తల పైకి వచ్చింది. నోట్లోంచి గొట్టం తీశాడు.

"బండ ఉంది మామ్మగారూ."

"సెట్టు?"

"ఉంది. నడుం ఎత్తున మాను చుట్టూ గాడి ఉంది, వేలు పట్టేంత. తాడు ఒరిసీ ఒరిసీ పడినట్టుంది."

 పెద్దత్త వంగి దోసిట్లో నీళ్లు తీసుకుని మొహం కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. తర్వాత తెడ్డు పట్టుకుని, "అయితే డ్రమ్ములు కట్టు" అంది.

ఆ ఏరుమద్ది ఒడ్డుకు వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో రెండో బాలింత ఉన్నట్టే. మానును మా వెనుక చూరు కిందికి దొర్లించారు. మూడు పక్కలా తడికెలు కట్టారు. రెండు చివర్లకూ పుట్టమన్నూ పేడా కలిపి మెత్తి, పాత చీరలు చుట్టింది పెద్దత్త. ఒళ్లంతా తడి గోనెలు కప్పింది. దాని మీద ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు. నీళ్లకు వచ్చే ఆడవాళ్లు తడికె సందులోంచి తొంగి చూసి ఆట పట్టించేవాళ్లు.

"ఏం పెద్దవ్వా, బాలింతకు కాయం మందు పెట్టినవా?"

"పాలు పడ్డయా?"

"ఆడపిల్లనా, మగపిల్లగాడా?"

"పుట్టినంక నువ్వే ఎక్కి సూసుకో" అనేది పెద్దత్త.

గోనెలు తడపడం నా పని అయింది. "పొద్దున లేవంగనే మొదలు దానికి నీళ్లు, తర్వాత నీకు చాయ్" అని చెప్పింది. వానాకాలమంతా తడిపాను. వానలు వెనకబట్టాక ఒక గోనె తీసేయించింది. కొన్నాళ్లకు ఇంకోటి. రోజూ మాను మీద అరచెయ్యి పెట్టి చూసేది. "ఇంక సల్లగనే ఉన్నది. కడుపుల నీళ్లున్నయి." ఎప్పుడు చెక్కాలి అని మా ఇంటాయన అడిగితే, "ఇప్పపూలు రాలేదాక ముట్టొద్దు" అంది.

ఇప్పపూలు రాలేదాక ఆమె లేదు. చలికాలంలో ఒక పొద్దున సొరకాయ బుర్రలోని జావ తాగి, తడికె పక్కన గోడకు ఆనుకుని ఎండలో కూర్చుంది. నేను గోనెలు తడిపి వచ్చి చూస్తే అట్లాగే ఉంది. చెంప మీద నా చెయ్యి పెట్టి చూశాను. ఆమె నేర్పిన పనే అది.

ఆ తర్వాత కొద్ది రోజులకే పాత దోనె అడుగు ఊడిపోయింది. ఖాళీగా కట్టేసి ఉండగానే మునిగింది. పెద్దమనుషులు మా వాకిట్లోకి వచ్చారు. వానలు రాకముందే దోనె కావాలన్నారు, మాను వెంటనే తొలవమన్నారు.

"ఇప్పపూలు రాలలేదు" అన్నాను నేను.

"సచ్చిపోయిన మనిషి మాట పట్టుకొని ఒడ్డున కూసుందమా? వానలొస్తే ఏం జేస్తం?"

"మొదటిది తొందరపడి తొలిస్తిమి. ఏమైంది?"

అందరూ మా ఇంటాయన వైపు చూశారు. చెక్కే చేతులు ఆయనవే. ఆయన లేచి తడికె తీసి లోపలికి పోయాడు. గోనె ఎత్తి మాను మీద అరచెయ్యి పెట్టాడు. పెద్దత్త పెట్టినట్టే, వేళ్లు విప్పి, కళ్లు మూసుకుని, చాలాసేపు.  వానాకాలం ఎంత దూరంలో ఉందో, ఆ ఒడ్డున ఎవరెవరున్నారో ఆయనకూ తెలుసు.

"ఇంక సల్లగనే ఉన్నది" అన్నాడు బయటికి వచ్చి. "ఆగుదం."

గొణిగారు, పోయారు. అదే వారం ఆ సముద్రపు ఒడ్డు ఆయన ఫోన్ చేశాడు. ఎక్కడో వేరే డ్యాంలో పని దొరికిందట. "మామ్మగారూ, దోనె తేలిందా?" అన్నాడు నా గొంతు విని ఆమె అనుకుని. ఆమె లేదని చెప్పాను.  తర్వాత మెల్లగా అడిగాడు, "దానికి నీళ్లు పోస్తున్నారా మరి?"

"పోస్తున్న అన్నా. రోజూ పోస్తున్న."

ఇప్పపూలు రాలడం మొదలైన పొద్దున, పూలు ఏరుకుని గంపతో ఇంటికి వచ్చి చివరి గోనె తీశాను. మాను ఎండ పడని గోడలా ఉంది, చల్లగా కాదు, వేడిగా కాదు. మా ఇంటాయన చివర్ల మన్ను రాల్చాడు. వెంట్రుక మందం నెర్రెలు రెండు కనిపించాయి, వాటిలో గుగ్గిలం కరిగించి పోశాడు. ఇంకెక్కడా చీలిక లేదు. బాడిస వేస్తే మాను నల్లటి పొర కింద ఎర్రగా, కొత్తగా తెగింది. ఇంటి చుట్టూ వాన పడ్డ మట్టి వాసన వచ్చింది. తాడు ఒరిసిన గాడి ఉన్న కొసను దోనెకు ముక్కు చేశాడు. ఇప్పటికీ దోనెను ఒడ్డున కట్టే తాడు ఆ గాడిలోనే పడుతుంది. కొత్తగా చెక్కాల్సిన పని లేకపోయింది.

వానలకు ముందే నీళ్లలోకి దించాం. ఊరంతా ఒడ్డున నిలబడింది. ఆ ఒడ్డున కూడా జనం నిలబడ్డారు, మా ఆడబిడ్డ బుజ్జిని ఎత్తుకుని నిలబడింది. మునుగుతుందన్నవాళ్లే అందరికంటే ముందు నిలబడ్డారు. మొదట మా ఇంటాయన ఒక్కడే ఎక్కాడు. దోనె కొంచెం కిందికి కూరుకుంది, ఆగింది, తేలింది.   ఆయన తెడ్డు వేశాడు. అంత మంది చూస్తున్నారు, అవతలి ఒడ్డు ఎదురుగా ఉంది, సంతోషంలో తిన్నగా పోతాడనుకున్నాను. కొంత దూరం పోయాక, నీళ్లు తప్ప ఏమీ లేని చోట, ఎడమకు తిప్పాడు.

నా పక్కన ఉన్న ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనైతే ఏడవలేదు. గోనెలు ఉతికి ఆరేశాను. బాలింత లేచింది కదా, ఇంక వాటి పని అయిపోయింది.

అదీ సంగతి. ఇదంతా నర్సమ్మకు ఎక్కడని చెప్పను? దోనె మునిగిన రేవుకు దగ్గరపడుతోంది. బుజ్జి నోట్లో పళ్లు మింగి, గుప్పిట్లో గింజలు సర్దుకుని నర్సమ్మ వైపు తిరిగింది. ఆ ఊరు మునిగాక పుట్టిన పిల్ల అది. ఒక్క గోడ కూడా చూసి ఎరగదు.

"కింద ఇండ్లున్నయి సిస్టర్. ఇండ్ల మీదికెళ్లి ఎట్ల పోతం? వీధిలకెళ్లి పోతున్నం. ఇంక మసనం వస్తది, చెప్పులు తియ్యాలె."

నర్సమ్మ నవ్వబోయింది. మా ఇద్దరి కాళ్లకూ చెప్పులు లేకపోవడం అప్పుడు చూసింది. నీళ్లలోకి వంగి చూసింది. మబ్బులు తప్ప ఏమీ కనిపించలేదు. డబ్బాను జాగ్రత్తగా పక్కన పెట్టి, ఒక్కొక్క చెప్పూ విడిచి ఒళ్లో పెట్టుకుంది. గొంతు తగ్గించి అడిగింది.

"ఇప్పుడు మనం ఎవరి ఇంటి ముందర ఉన్నం?"

మా ఇంటాయన తెడ్డు నెమ్మది చేశాడు. బుజ్జి చెయ్యి చాపి చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టింది.